ఖో అనేదాకా

(2025 డిసెంబరులో ఒక ఆదివారం ఇంగ్లండ్‌లోని క్రాలీలో తెలుగు కుటుంబాలు నెలకోసారి కలిసే చోట చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. సభలోంచి వచ్చిన మాటలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా అండీ? సరే. పులిహోర ఇంకా వేడెక్కలేదట, కాబట్టి మీరు నన్ను భరించక తప్పదు.

మాట్లాడమని అడిగినప్పుడు "పిల్లలకి పనికొచ్చేది ఏదైనా చెప్పండక్కా" అన్నారు. పిల్లలకి పనికొస్తుందో లేదో నాకు తెలీదు. నేనొక పంతొమ్మిదేళ్ళ అమ్మాయి గురించి చెప్తాను. ఆ అమ్మాయి ఇక్కడికి కారులో పది నిమిషాల దూరంలో, మన బ్రాడ్‌ఫీల్డ్ స్టేడియంలోనే ఆడేది. మీలో చాలామంది దాని పక్కనుంచే రోజూ ఆఫీసుకి వెళ్తారు. బ్రైటన్ మహిళల జట్టు ఆడేది బ్రైటన్‌లో కాదు, మన క్రాలీలో. ఈ ఊరొచ్చిన నాలుగేళ్ళకి గానీ నాకూ తెలీలేదు లెండి.

పేరు మిషెల్ అజెమాంగ్. పేపర్లో ఇంగ్లీషు అక్షరాలు చూసి 'అగ్యెమాంగ్' అని చదువుతారు మనవాళ్ళు, నేనూ మొదట్లో అలాగే చదివాను. వాళ్ళ అమ్మానాన్నల మూలాలు ఘనాలో. అక్కడి అకాన్ భాషలో 'జీ, వై' అని రెండక్షరాలు కలిపి రాస్తే దాదాపు మన 'జ' పలుకుతుంది. మన పేర్లని ఇక్కడివాళ్ళు ఖూనీ చేస్తే మనకెంత కోపమో తెలుసు కదా, అందుకే ముందే చెప్తున్నాను.

పుట్టింది 2006 ఫిబ్రవరి 3న. పెరిగింది ఎసెక్స్‌లోని సౌత్ ఆకెండన్‌లో. ఆరేళ్ళకే ఆర్సెనల్ క్లబ్ పిల్లల జట్టులో చేరింది. ఆరేళ్ళకి మన పిల్లలకి షూ లేసులు కట్టుకోవడం రాదు. చిన్నప్పటి సంగతులు ఇంతకంటే చెప్పను, ప్రతి ఆటగాడి బాల్యమూ ఒకలాగే ఉంటుంది: ఒక బంతి, ఒక పార్కు, కారు తోలే ఒక తండ్రో తల్లో.

నేను మొదలుపెట్టాలనుకున్నది 2021 అక్టోబరు 23 దగ్గర. వెంబ్లీ స్టేడియం. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్ మహిళల జట్ల మధ్య ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. రెండో సగంలో బెత్ మీడ్ అనే ఆమె సబ్‌గా, అంటే ఆట మధ్యలో ఇంకొకరి బదులు వచ్చి, కాసేపట్లోనే మూడు గోల్స్ కొట్టేసింది. ఇంగ్లండ్ 4-0తో గెలిచింది. ఆ రోజు గీత బయట బంతులు అందించే బాల్ గర్ల్స్‌లో ఒక పదిహేనేళ్ళ పిల్ల ఉంది. ఆ పిల్లే అజెమాంగ్.

బాల్ గర్ల్ పని ఎప్పుడైనా గమనించారా? టీవీలో కనపడదు. గ్రౌండుకి వెళ్తేనే కనిపిస్తుంది. బంతి బయటికి పోగానే దాని వెనక పరుగెత్తడం కాదు వాళ్ళ పని. చేతిలో ఇంకో బంతి సిద్ధంగా ఉంటుంది, దాన్ని ముందు అందించేయాలి, పోయినదాని సంగతి తర్వాత. అంటే తొంభై నిమిషాలూ ఆటని ఆడేవాళ్ళంత శ్రద్ధగా చూడాలి. కానీ ఆడకూడదు. గోల్ పడితే ఎగరకూడదు కూడా. బ్రాడ్‌ఫీల్డ్‌లో నేను కూర్చునే చోటుకి సరిగ్గా ఎదురుగా ఒక పాప నిలబడుతుంది. వాన పడ్డ రోజు బంతిని రెయిన్ కోటు లోపలికి తోసుకుని, పొట్ట దగ్గర పట్టుకుని నిలబడింది. బంతి తడవకూడదని. తను తడిసిపోయింది.

ఇక్కడ కొంచెం మన ఊరికి వెళ్దాం. నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. మాకు ఫుట్‌బాల్ లేదు. బంతి ఉండేది, కానీ మగపిల్లలది. ఆడపిల్లలకి ఖోఖో. ముందు వరసలో పెద్దమ్మలు నవ్వుతున్నారు, మీరూ ఆడే ఉంటారు. ఖోఖోలో తరిమే జట్టులో తొమ్మిది మందుంటే ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి. వెనక నుంచి తట్టి "ఖో" అంటేనే లేవాలి. ముందే లేస్తే ఫౌల్. మా డ్రిల్లు మాస్టారు ఒక్కటే తిట్టేవారు, "కూర్చోవడం రాని దానివి లేచి ఏం పరిగెత్తుతావే" అని. కూర్చోవడమంటే చతికిలబడటం కాదు. ఒక మడమ లేపి, వేళ్ళు నేలకి ఆన్చి, ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చోవాలి.

ఈ అజెమాంగ్ కెరీర్ చూస్తుంటే నాకు ఆ ఎనిమిది మందే గుర్తొస్తారు.

చూడండి. పదహారేళ్ళకే ఆర్సెనల్ సీనియర్ జట్టు తరఫున మైదానంలోకి దిగింది. అద్భుతం కదా? దిగింది కానీ అక్కడ చోటేదీ? స్ట్రైకర్ అంటే ముందుండి గోల్స్ కొట్టే మనిషి, సాధారణంగా జట్టుకి ఒకరే ఉంటారు. ఆర్సెనల్‌లో అప్పటికే స్వీడన్ దేశస్థురాలు స్టీనా బ్లాక్‌స్టెనియస్ ఉంది. 2023లో అలెస్సియా రుస్సో వచ్చి చేరింది. రుస్సో ఇంగ్లండ్ జట్టుకి కూడా ప్రధాన స్ట్రైకరే. అంటే క్లబ్‌లో ముందున్న మనిషే దేశం జట్టులోనూ ముందుంది. ఎటు తిరిగినా అదే క్యూ, అదే వీపు.

అలాంటప్పుడు క్లబ్‌లు పిల్లల్ని లోన్ మీద పంపుతాయి. లోన్ అంటే మన బ్యాంకు లోన్ అనుకునేరు. మన గవర్నమెంటు ఉద్యోగాల్లో డెప్యుటేషన్ లాంటిది. సర్వీసు ఒక ఆఫీసులో, పని ఇంకో ఆఫీసులో. ఆ పిల్ల ముందు వాట్‌ఫర్డ్‌కి వెళ్ళింది. 2024-25 సీజన్‌కి మన క్రాలీకి, అంటే బ్రైటన్‌కి వచ్చింది.

నేను చూసింది అప్పుడే. నిజం చెప్తున్నాను, మొదటిసారి చూసినప్పుడు ఈ అమ్మాయి ఇంగ్లండ్‌కి ఆడుతుందని నేను ఊహించలేదు. గోల్స్ రాశులు పోయలేదు. కానీ ఒక సంగతి మాత్రం కళ్ళకి కట్టినట్టుంది. వెనక నుంచి బంతి గాల్లో వస్తుంది. అడ్డుకోవాల్సిన అవతలి జట్టు డిఫెండర్ ఈమె వీపుకి అంటుకుని నిలబడి ఉంటుంది. ఈ అమ్మాయి కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, నడుము వంచి, వీపుతో ఆ డిఫెండర్ని అలా ఆనించుకుని ఉంచుతుంది. తోయదు, చేతులు వాడదు. మన ఊళ్ళో ధాన్యం బస్తా ఎత్తే మనిషి బరువు మీద పడే ముందు నిలబడతాడు చూడండి, అలాగ. బంతి ఛాతీ మీద పడి కాలి దగ్గరికి జారుతుంది. అప్పుడు అటు తిరగాలో ఇటు తిరగాలో నిర్ణయించుకుంటుంది. డిఫెండర్ నా వైపే చూస్తోంది ఒకసారి, మొహంలో విసుగు. ఏం చెయ్యాలో తోచని విసుగు.

ఇంతవరకూ నేను చెప్పింది కూర్చున్న కథ. ఇప్పుడు లేచిన కథ.

2025 ఏప్రిల్ 8. బెల్జియంలో లూవెన్ అనే ఊరు. నేషన్స్ లీగ్ మ్యాచ్. మొదట ప్రకటించిన జట్టులో ఈ పిల్ల పేరు లేదు, ఆఖర్లో పిలిచారు. ఇంగ్లండ్ మూడు గోల్స్ వెనకబడి ఉంది. మీడ్ పెనాల్టీతో ఒకటి తగ్గింది. ఇంకో పది నిమిషాలే ఉందనగా కోచ్ సరీనా వీగ్మన్ ఈ అమ్మాయిని దింపింది. దిగిన నలభై ఒకటో సెకనులో గోల్! గాల్లో వచ్చిన బంతిని అదుపు చేసి, నేల తాకకుండానే కొట్టింది. నలభై ఒక్క సెకన్లంటే ఎంత? ఇందాక నేను మైకు సరిచేసుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. ఇంగ్లండ్ 3-2తో ఓడిపోయింది. దేశం కోసం మొదటి గోల్ కొట్టిన రోజే ఓటమి. అది మాత్రం ఎవరికీ గుర్తులేదు ఇప్పుడు.

జూన్‌లో, యూరప్ దేశాల జట్లు ఆడే యూరో కప్‌కి జట్టు ప్రకటించే ముందు ఇంగ్లండ్ క్యాంపులో గందరగోళం. గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్ దేశం జట్టు నుంచి రిటైరైంది, ఫ్రాన్ కర్బీ కూడా రిటైరైంది, మిల్లీ బ్రైట్ తప్పుకుంది. పేరున్నవాళ్ళు వెళ్ళిపోతుంటే పేపర్లలో విసుర్లు. అలాంటి వేళ ఆ కోచ్, ఇంగ్లండ్ సీనియర్ జట్టుకి పిడికెడు నిమిషాలు కూడా ఆడని ఈ పిల్లకి చోటిచ్చింది. 

జూలై 5న మొదటి మ్యాచ్, ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓటమి. అదే రోజు, ఇది యాదృచ్ఛికమే అనుకోండి, థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో మన భారత మహిళల జట్టు థాయిలాండ్‌ని 2-1తో ఓడించి, మొదటిసారి క్వాలిఫయర్లు గెలిచి ఆసియా కప్‌కి అర్హత సంపాదించింది. ఆ క్వాలిఫయర్లు ఆడిన జట్టులో మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది. 2022లో ఆమె క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్‌లో ఆడింది. యూరప్‌లో ఆడిన తెలుగమ్మాయి! మన వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఏం వచ్చాయో నాకు తెలుసు. రెండు బిర్యానీ ఫొటోలు, ఒక గుడ్ మార్నింగ్. (నవ్వులు)

సరే, మళ్ళీ యూరో కప్‌కి, స్విట్జర్లండ్‌లోని జూరిక్ వెళ్దాం. జూలై 17, క్వార్టర్ ఫైనల్, స్వీడన్‌తో. పాతిక నిమిషాలు గడిచేసరికి ఇంగ్లండ్ రెండు గోల్స్ వెనక. ఆ రెండోది ఎవరు కొట్టారనుకున్నారు? బ్లాక్‌స్టెనియస్. ఆర్సెనల్‌లో ఈ పిల్లకి ముందున్న సీనియర్. మే నెలలో లిస్బన్‌లో బార్సెలోనా మీద ఆర్సెనల్‌కి ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన గోల్ కూడా ఆమెదే. ఆ రోజు ఆమె కూడా సబ్‌గానే వచ్చింది!

మా ఇంట్లో ఆ రాత్రి టీవీ కట్టేద్దామని మా ఆయన రెండుసార్లు రిమోట్ తీసుకున్నారు. డెబ్భయ్యో నిమిషంలో అజెమాంగ్ దిగింది. డెబ్భై తొమ్మిదో నిమిషంలో లూసీ బ్రాంజ్ తలతో ఒక గోల్ కొట్టింది. ఎనభై ఒకటో నిమిషంలో క్లోయీ కెల్లీ పక్కనుంచి బంతి పంపింది, అది బెత్ మీడ్‌ని తాకి ముందుకి పడింది, అక్కడ ఈ అమ్మాయి కాలుంది. 2-2.

బెత్ మీడ్ ఎవరో గుర్తుందిగా? వెంబ్లీలో మూడు గోల్స్ కొట్టిన ఆమె. ఆ రోజు గీత బయట బంతి పట్టుకుని ఆమెని చూస్తూ నిలబడ్డ పిల్లకి, నాలుగేళ్ళ తర్వాత ఆమె దగ్గర్నుంచే బంతి వచ్చింది. సినిమాలో పెడితే "మరీ అతి" అంటాం.

ఆ మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్ళింది. అంత ఘోరమైన షూటౌట్ నా జన్మలో చూడలేదు. పద్నాలుగు తన్నితే తొమ్మిది పోయాయి. ముక్కులోంచి రక్తం కారితే దూది పెట్టుకుని ఆడింది ఇంగ్లండ్ గోల్‌కీపర్ హానా హాంప్టన్. 3-2తో బయటపడ్డారు. లూసీ బ్రాంజ్ అయితే కాలి ఎముకలో విరుగుతో టోర్నీ మొత్తం ఆడిందని ఫైనల్ అయ్యాక చెప్పింది. అది గొప్పా, పిచ్చా? నేనైతే పిచ్చే అంటాను. మీ పిల్లలకి ఆ కథ చెప్పకండి.

తర్వాత ఒక చెడ్డ విషయం జరిగింది. స్వీడన్ మ్యాచ్ అయ్యాక జెస్ కార్టర్ అనే డిఫెండర్‌ని ఆమె రంగు పట్టుకుని ఆన్‌లైన్‌లో నానా మాటలు అన్నారు. టోర్నీ మొదలైనప్పటి నుంచే అంటున్నారని ఆమె బయటపెట్టింది. అంతకుముందు ఇంగ్లండ్ జట్టు ప్రతి మ్యాచ్ ముందు జాతి వివక్షకి వ్యతిరేకంగా మోకాలి మీద కూర్చునేది. కూర్చుని ఏం లాభమని, ఇటలీతో సెమీఫైనల్‌కి ముందు నిలబడే ఉన్నారు. సబ్‌లు కూడా బెంచి మీంచి లేచి గీత దగ్గర వరసగా నిలబడ్డారు. ఆ వరసలో ఈ ఘనా మూలాల అమ్మాయీ ఉంది.

జూలై 22, జెనీవా. ముప్పై మూడో నిమిషంలో ఇటలీ గోల్. అక్కడి నుంచి గంటసేపు ఏమీ జరగలేదు. నిజంగా ఏమీ జరగలేదు, నేను మధ్యలో లేచి పెరుగు తోడుపెట్టి వచ్చాను. ఎనభై అయిదో నిమిషంలో ఈమెని దింపారు. తొంభై అయిపోయింది. అదనపు సమయం ఏడు నిమిషాలు. అందులో ఆరోది నడుస్తోంది. ఒక బంతి గోల్ ముందుకొచ్చింది, ఇటలీ కీపర్ చేతులకి తగిలి జారింది. అజెమాంగ్ దాన్ని ఆపింది. ఆపడం చూశారా! ఆ స్థితిలో నేనైతే గుడ్డిగా తన్నేసేదాన్ని, మీరూ అంతే. ఈ పిల్ల ఆపి, చూసి, కాళ్ళ మధ్యనుంచి లోపలికి నెట్టింది. 1-1.

స్కోరు సమమైతే ఇచ్చే అరగంట ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో ఇంకోటి. కీపర్ ముందుకొచ్చింది. ఈమె బంతిని కీపర్ తల మీదుగా అలా మెత్తగా లేపింది. బంతి పైకి వెళ్ళింది, వంగింది, దిగింది, క్రాస్‌బార్ మీద 'ఠంగ్' మని తగిలింది. నాకు ఆమె కొట్టిన గోల్స్ కంటే పడని ఆ గోలే ఎక్కువ ఇష్టం. ఒక దేశం మొత్తం ఊపిరి బిగబట్టిన చోట పంతొమ్మిదేళ్ళ పిల్ల అంత తీరిగ్గా ఎలా ఆలోచించింది? తర్వాత రెండు నిమిషాలకే మీడ్‌ని ఫౌల్ చేస్తే పెనాల్టీ వచ్చింది. కెల్లీ తన్నితే కీపర్ ఆపింది, తిరిగొచ్చిన బంతిని కెల్లీయే మళ్ళీ తన్ని 119వ నిమిషంలో గెలిపించింది.

27న బాసెల్‌లో ఫైనల్, స్పెయిన్‌తో. ఫుట్‌బాల్‌గా చూస్తే స్పెయినే బాగా ఆడింది, ఒప్పుకోవాలి. 1-1 అయ్యింది, ఇంగ్లండ్ గోల్ రుస్సో కొట్టింది. డెబ్భయ్యో నిమిషం దాటాక రుస్సో స్థానంలో అజెమాంగ్ వచ్చింది. పెనాల్టీల్లో 3-1తో ఇంగ్లండ్ గెలిచింది. ఆఖరిది మళ్ళీ కెల్లీయే.

ఇప్పుడొక లెక్క. టోర్నీ మొత్తంలో అజెమాంగ్ మైదానంలో ఉన్నది 138 నిమిషాలు. రెండు మ్యాచ్‌లకి కూడా సరిపోవు. ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు. ఆమెకే టోర్నీ ఉత్తమ యువ క్రీడాకారిణి అవార్డు ఇచ్చారు.

(సభలోంచి: "మరి మొదట్నుంచే ఎందుకు ఆడించలేదు?")

మంచి ప్రశ్న బాబాయిగారూ. ఇక్కడి పేపర్లు కూడా అదే అడిగాయి. సెమీఫైనల్ తర్వాత "ఫైనల్లో మొదట్నుంచీ దింపండి" అని గోల గోల. కోచ్ దింపలేదు. నాకు ఆమె చేసింది సబబే అనిపిస్తుంది. ఎనభై నిమిషాలు పరుగెత్తి కాళ్ళు బరువెక్కిన డిఫెండర్ ముందుకి, కొత్త కాళ్ళతో, అంత బలమున్న మనిషి వచ్చి వీపు ఆనిస్తే ఎలా ఉంటుంది? పొద్దున్నించి కోత కోసి ఇంటికొచ్చినవాడికి ఇంకో ఎకరం చూపించినట్టు. అదే అమ్మాయి మొదటి నిమిషంలో వస్తే డిఫెండర్ కూడా కొత్త కాళ్ళతోనే ఉంటుంది. రుస్సో డెబ్భై నిమిషాలు వాళ్ళని అటూ ఇటూ తిప్పి అలిసేలా చేస్తేనే ఈ పిల్లకి ఆ సందు దొరికింది. ఆ అలుపు తెప్పించిన మనిషి పేరు ఎవరూ చెప్పుకోరు. రుస్సో కూడా 2022 యూరోలో సబ్‌గా వచ్చే నాలుగు గోల్స్ కొట్టింది మరి, ఆమెకీ ఈ రుచి తెలుసు.

నేనిది ఇంత తెలిసినదానిలా చెప్తున్నాను గానీ, రెండేళ్ళ క్రితం నా బుర్రలో ఇదేమీ లేదు. మా అమ్మాయి ఆదివారాలు ఒక చిన్న క్లబ్‌లో ఆడుతుంది. పేరొద్దు. నాలుగు వారాలు వరసగా దాన్ని బెంచి మీద కూర్చోబెట్టారు. నాకు టెన్షన్, అవమానం, ఇంకా ఏవేవో. "మన రంగు చూసే" అని కూడా అనుకున్నాను. కోచ్ దగ్గరికి వెళ్ళి పార్కింగ్‌లో నిలదీశాను. ఆయన వలంటీరు, వారమంతా ఎక్కడో ఉద్యోగం చేసుకుని ఆదివారం చలిలో కోన్‌లు మోసే మనిషి. ఆయన అన్నది ఇంతే: "మీ అమ్మాయినే అడగండి." కారులో అడిగాను. "నేనే చివరి ఇరవై నిమిషాలు అడిగానమ్మా, అప్పుడైతే వాళ్ళందరూ నెమ్మదిస్తారు" అంది. పన్నెండేళ్ళ దానికి తెలిసింది నాకు తెలీలేదు. ఖోఖో ఆడి వచ్చినదాన్ని నేను! అప్పటి నుంచి ఆ కోచ్‌కి ప్రతి ఆదివారం ఫ్లాస్కులో టీ పట్టుకెళ్తున్నాను, అల్లం వేసి.

ఈ డిసెంబరు నెలతో ఇంకో లంకె ఉంది, అది కూడా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో అమ్మాయిలు నిన్న మొన్న ఫుట్‌బాల్ మొదలుపెట్టారనుకుంటాం. 1920 డిసెంబరు 26న, బాక్సింగ్ డే రోజు, లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ళ మ్యాచ్ చూడటానికి 53,000 మంది వచ్చారు. చోటు లేక ఇంకా వేలమందిని గేటు దగ్గర్నుంచే పంపేశారు. ఆడింది డిక్, కెర్ లేడీస్, అంటే ప్రెస్టన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయిలు. లిలీ పార్ అని ఆ జట్టులో ఆడిన అమ్మాయి, చేరేనాటికి ఇంకా టీనేజర్. మగవాళ్ళకంటే గట్టిగా తన్నేదని చెప్పుకునేవాళ్ళు. ఏడాది తిరగలేదు. 1921 డిసెంబరు 5న ఫుట్‌బాల్ అసోసియేషన్, ఈ ఆట ఆడవాళ్ళకి తగదంటూ తన క్లబ్‌ల గ్రౌండ్‌లు వాళ్ళకి ఇవ్వకూడదని తీర్మానించింది. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. లిలీ పార్ నర్సుగా పనిచేసుకుంటూ, పార్కుల్లో, దొరికిన చోటల్లా ఆడుతూనే ఉంది. 2019లో మాంచెస్టర్‌లోని ఫుట్‌బాల్ మ్యూజియంలో ఆమెకి విగ్రహం పెట్టారు. ఆమె పోయింది 1978లో. అదీ సంగతి.

ఇక్కడ ముందు వరసలో అమ్మమ్మలకి ఒక మాట. మిమ్మల్ని గ్రౌండ్‌లోకి రానివ్వకపోవడం మన ఊళ్ళలో మాత్రమే జరిగిందనుకోకండి. ఇక్కడ కాగితం మీద రాసి మరీ ఆపారు.

ఇప్పుడు చివరి భాగం, నాకు ఇష్టంలేని భాగం. యూరో అయ్యాక అజెమాంగ్ మళ్ళీ బ్రైటన్‌కే లోన్ మీద వచ్చింది. నేను సంబరపడ్డాను, ఈ ఏడాదంతా మన ఊళ్ళో చూడొచ్చని. మా అమ్మాయికి ఆమె సంతకం కావాలని ఒక మార్కర్ పెన్ను కొనిపెట్టుకున్నాం. అక్టోబరు 28న డెర్బీలో ఆస్ట్రేలియాతో స్నేహపూర్వక మ్యాచ్. ఇంగ్లండ్ 3-0తో గెలిచింది. సబ్‌గా దిగిన అజెమాంగ్ కాలు మెలికపడి కూలబడింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. ఏసీఎల్ తెగింది.

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ పట్టి ఉంచే ఒక లిగమెంట్. చిటికెన వేలంత ఉంటుందేమో. మన కబడ్డీ ఆటగాళ్ళని అడగండి, దాని పేరు వింటేనే ముఖం మారిపోతుంది. ఎవరో గుద్దితేనే తెగాలని లేదు. పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగి తిరిగినా పాదం నేలలో ఉండిపోయి మోకాలు ఒక్కటే తిరిగిపోతుంది. తెగినదాన్ని మామూలుగా కుట్టరు, కాలిలోనే ఇంకో చోటి నుంచి కండర బంధం తీసి దాని స్థానంలో పెడతారు. మళ్ళీ ఆడేసరికి తొమ్మిది నెలలో, ఏడాదో.

ఆడవాళ్ళకి ఇది మగవాళ్ళకంటే ఎక్కువగా వస్తుంది. ఎందుకన్నదాని మీద రకరకాల వాదనలున్నాయి. నడుము నిర్మాణం, హార్మోన్లు, మగవాళ్ళ పాదాల కొలతలతో చేసిన బూట్లు, చిన్నప్పుడు జిమ్ శిక్షణ అందకపోవడం. నాకు బూట్ల వాదన బాగా నచ్చింది. శాస్త్రవేత్తని కాను గానీ, మా అమ్మాయికి బూట్లు కొనడానికి వెళ్తే షాపులో 'అబ్బాయిలు' అని రాసిన గోడ మీదే వెతుక్కోవాలి. ఒక్క ఆర్సెనల్‌లోనే 2022-23 సీజన్‌లో నలుగురికి తెగింది. అందులో మొదటి మనిషి బెత్ మీడ్. కెప్టెన్ లియా విలియమ్సన్ కూడా ఉంది. ఇద్దరూ 2023 ప్రపంచ కప్ ఇంట్లో కూర్చుని చూశారు. ఇద్దరూ తిరిగొచ్చి బాసెల్‌లో కప్పు పట్టుకున్నారు. ఇంక క్లోయీ కెల్లీ. ఆమెకి 2021 మేలో తెగింది, ఒలింపిక్స్ పోయింది. 2022 జూలై 31న వెంబ్లీలో, 87,192 మంది ముందు, జర్మనీతో ఫైనల్లో సబ్‌గా వచ్చి గెలిపించే గోల్ కొట్టింది.

అందుకని అజెమాంగ్ కూడా తప్పకుండా వచ్చేస్తుందని నేను మీకు హామీ ఇవ్వలేను. మోకాళ్ళు హామీ పత్రాల మీద నడవవు. ఆమె ఇప్పుడు ఆర్సెనల్‌కి తిరిగి వెళ్ళి అక్కడే కోలుకుంటోంది.

మా మార్కర్ పెన్ను అలాగే ఉంది. పోయిన మ్యాచ్‌కి కూడా మా అమ్మాయి దాన్ని జేబులో వేసుకుని వచ్చింది. ఎందుకే అంటే ఏమీ చెప్పలేదు. విరామంలో గీత దగ్గరికి పోయి, అదే ఆ రెయిన్ కోటు పాప ఉంటుందే, దానితో ఏదో మాట్లాడి వచ్చింది. వచ్చాక చూస్తే జాకెట్ చేతి మీద ఒక సంతకం. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. బాల్ గర్ల్ దగ్గర సంతకం ఏమిటే అని అడిగాను. "ఇప్పుడైతే క్యూ లేదు కదమ్మా" అంది.

పులిహోర వేడెక్కినట్టుంది. ప్రశ్నలుంటే తింటూ అడగండి.